పటేలు హాల్లో సముద్రం

తాండూరు
జూన్ మొదటి వారం

భవ్యశ్రీ నాయినకు,

దేవిక రాస్తున్నది. ఉత్తరంలో ముందు అందరూ క్షేమం అని రాయాలట, భవ్య తన తెలుగు పుస్తకం తెచ్చి చూపించింది. తింటున్నాం, పడుకుంటున్నాం. అంతకంటే ఎక్కువ రాస్తే అబద్ధమవుతుంది.

పెళ్లయిన ఇన్నేళ్లలో మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఇంట్లో నువ్వు అంటాను, కాగితం మీద మాత్రం మీరు అని వస్తోంది, నవ్వొద్దు. మీ ఫోను గేటు దగ్గరే తీసుకున్నారు. కల్లు మాన్పించే చోట మూడు నెలల దాకా ఇంటి మనుషులను చూడనివ్వరట, ఉత్తరమొక్కటే దారి అని రాహేలమ్మ సిస్టరు చెప్పింది. కవరు అంటించొద్దంది. కల్లులో కలిపే మత్తు పొడిని కొందరు ఉత్తరాల మడతల్లో పెట్టి పంపుతున్నారట, అందుకని విప్పి దులిపి చూస్తారట. చదివినా నాకు సిగ్గు లేదు. మిమ్మల్ని ఆటోలో నేనొక పక్క, మీ అమ్మ ఒక పక్క పట్టుకుని, మీరు మమ్మల్ని బూతులు తిడుతుంటే వికారాబాద్ తెచ్చిన రోజే అది పోయింది.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న చంద్రశేఖర్ పటేలు మన పెంపుడు చేపల దుకాణానికి వచ్చాడు. బండల ఫ్యాక్టరీ వెనక కట్టిన కొత్త ఇంట్లో, హాలు నడుమ మీరు చెప్పిన కొలతకే గాజు ట్యాంకు బిగించేశారట. "ఏం దేవికా, సముద్రం తెచ్చి పెడ్తనని దశరథ్ మస్తు మాటలు చెప్పిండు. గిప్పుడు నడిమిట్ల ఇడిశిపెట్టిండు. శ్రావణంల ఇంట్లకు పోతున్నం. మీతోని అయితదా, హైదరాబాద్‌కెళ్లి మనుషులను పిలువాల్నా?" అన్నాడు.

"మేమే చేస్తం పటేలా" అన్నాను. ఆయన వెళ్లాక భయమేసింది. గోల్డ్ ఫిష్‌కు మేత వేయడం తప్ప నాకేం వచ్చు? నేను సముద్రం కళ్లతో చూసిన మనిషిని కాను.

కానీ కాదనడానికి లేదు. మా తమ్ముడు గణేశ్ కుల్కచర్ల నుంచి రెండుసార్లు వచ్చి పోయాడు. దుకాణం ఖాళీ చేసి సెల్‌ఫోన్లు పెడతాడట, మిమ్మల్ని బండల పాలిష్ పనికి పంపుతాడట. "బావ తలకాయల ఇంకేమున్నదని ఆశపడ్తున్నవే అక్కా" అంటాడు. ఈ పని నిలబడితే వాడి నోరు మూతపడుతుంది. పడిపోతే మీరు వచ్చేసరికి దుకాణం ఉండదు. ఉన్నమాట రాస్తున్నాను. ఏం చేయాలో మొదటి నుంచి రాయండి.

మీ అమ్మ రోజూ గొర్రెల దగ్గరి నుంచి వచ్చి ఒకటే అడుగుతుంది. "బీరప్ప దేవుడు నా కొడుకును ఇడిశిపెట్టిండా ఏందే?" నేను లేదంటాను.

దేవిక

వికారాబాద్
జూన్ చివర

దేవికకు,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. చేతిలో పెన్ను నిలిచేదాకా ఆగాను. ఈ అక్షరాలు చూసి భవ్య నవ్వితే నవ్వనీ.

మొదటి రోజులు ఎలా గడిచాయో రాయను, నువ్వు అడగకు. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. తలలో లెక్క నిలవడం లేదు. డాక్టరు వందలోంచి ఏడేడు తీసేస్తూ చెప్పమన్నాడు. ఎనభై ఆరు దాకా వచ్చి ఆగిపోయి, అందరి ముందు ఏడ్చాను. కల్లు పోయినా తల తిరిగి వస్తుందో రాదో, చెప్పలేమన్నాడు. గణేశ్ అన్నమాటలో తప్పు లేదేమోనని భయం పట్టుకుంది.

అయితే నీ ఉత్తరం చదివి మంచం మీద పడుకుని ఆ ట్యాంకు తలుచుకుంటే, పొడుగు, వెడల్పు, ఎన్ని నీళ్లు, ఎంత ఉప్పు, అన్నీ వాటంతటవే వచ్చి వరసలో నిలబడ్డాయి. రాహేలమ్మ సిస్టరును కాగితం అడిగి రాసి చూశాను. తప్పు పోలేదు. ఒక్క ఆ సంగతిలోనే నా తల ఇంకా నాదిగా ఉంది. అందుకే రాస్తున్నాను. ఆ నీళ్లు నిలబెట్టు. అవి నిలబడితే నేనూ నిలబడతాను.

మన బోరు నీళ్లు సున్నపు నీళ్లు, పనికిరావు. ఫిల్టర్ నీళ్ల ప్లాంటు నుంచి క్యాన్లు తెప్పించు. వంట ఉప్పు వద్దు, అమ్మ గొర్రెలకు నాకించే గల్ల ఉప్పూ వద్దు. దుకాణంలో బల్ల కింద మూతపెట్టిన నీలం బకెట్లలో సముద్రపు ఉప్పు ఉంది. డ్రమ్ములో నీళ్లు పోసి, ఉప్పు వేసి, పంపు పెట్టి ఒక రోజంతా తిరగనివ్వు. సూది ఉన్న ప్లాస్టిక్ డబ్బీని ముంచితే సూది పచ్చగీతల నడుమ నిలవాలి. అడుగున తెల్ల ఇసుక పోయి. పగడపు రాళ్లు కొనొద్దు, పాలిష్ పట్టని మన బండ ముక్కలే పేర్చు. హైదరాబాద్‌లో నాకు పని నేర్పిన పాండురంగం అన్న చెప్పేవాడు, మన తాండూరు బండ ఎన్నడో సముద్రం అడుగున పేరుకున్న బురదేనట. దాన్ని పుట్టింటికి పంపినట్టు ఉంటుంది.

తర్వాతి మాట జాగ్రత్తగా చదువు. నీళ్లు నిండగానే చేపలు వేయొద్దు. పచ్చి రొయ్య ఒకటి వేసి కుళ్లనివ్వు. కంటికి కనిపించని ప్రాణులు ఆ కుళ్లు తిని రాళ్లలో, ఫిల్టరు స్పాంజిలో పెరుగుతాయి. రేపు చేపల మలినాన్ని తినేవి అవే. అవి లేకపోతే చేప తన విషంలో తానే చస్తుంది. గాజు గొట్టంలో నీళ్లు పట్టి టెస్టు చుక్కలు వేస్తే పచ్చగా మారుతుంది. పచ్చగా ఉన్నంతకాలం నీళ్లు కాయ. పసుపుకు తిరిగితే పండు. మామిడికాయ లెక్కే. పటేలు ఎంత తొందరపెట్టినా పండేదాకా ఆగు.

ఇంకొకటి. ఆ నీళ్లలో ఎవరూ ఏమీ వేయకూడదు. సబ్బు చేయి పెట్టకూడదు. గృహప్రవేశం ఇల్లు, అయ్యగారు కొబ్బరి నీళ్లు చల్లుతాడు, ముత్తయిదువలు కుంకుమ వేస్తారు. చేయి పట్టి ఆపు.

దశరథ్

తాండూరు
జూలై

భవ్యశ్రీ నాయినకు,

సముద్రం పోశాం! మీరు రాసిన కాగితం భవ్య ఇంట్లో గోడకు అంటించింది. అది గురువు, నేను కూలి. "అమ్మా, సూది చూడు, పచ్చగీతల నడుమనే ఉన్నది" అని ఎగిరింది. మీ లెక్కలో చెంచాడు తేడా రాలేదు. గణేశ్ అప్పుడు అక్కడే ఉన్నాడు, వాడికి కూడా చూపించాను. ముఖం మాడ్చుకున్నాడు.

మీ అమ్మ దుకాణానికి వచ్చి డ్రమ్ములో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "థూ, గొర్లు కూడా ముట్టయి గీ నీళ్లను. గిండ్ల ఎట్ల బతుకుతయే?" అని అడిగింది. ఉప్పులోనే పుట్టినవి అత్తా అంటే, "కల్లుల పుట్టినట్టు నా కొడుకు కూడా గట్లనే బతికె" అని కూర్చుండి ఏడ్చింది. ఆమెకు ఏం చెప్పినా మీ దగ్గరికే వస్తుంది.

రొయ్య కుళ్లితే వచ్చిన వాసన రాయడానికి మాటలు లేవు. పటేలు భార్య సత్యమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "కొత్తింట్ల గీ కంపేందే దేవికా, మీ ఆయన లేడని ఏదో ఒకటి చేస్తున్నవా?" అన్నది. గోడ మీది మీ ఉత్తరం తెచ్చి చదివి వినిపించాను. చదువుతుంటే నాకే గర్వమయింది. ఇన్ని సంగతులు తెలిసిన మనిషితో ఇన్నేళ్లు కాపురం చేసి, కల్లు వాసన తప్ప ఇంకేమీ తెలుసుకోలేదే అనిపించింది. అది మీ తప్పు కూడా. ఇంటికి వచ్చేసరికి మీ దగ్గర మాటలు మిగిలేవి కావు.

గొట్టంలో నీళ్లు ఇంకా ముదురు పచ్చ. మీకు నిద్ర పడుతోందా?

దేవిక

వికారాబాద్
జూలై చివర

దేవికకు,

నిద్ర పడుతోంది. దిగులుపడకు.

నీ ఉత్తరం వార్డులో చదివి వినిపించాను. బొంరాస్‌పేట కిష్టప్ప అని ఒకడున్నాడు, నాలాగే కల్లు మనిషి. రోజూ పొద్దున లేవగానే, "సముద్రం పండిందా దశరథన్నా?" అని అడుగుతాడు. లేదంటే నిట్టూర్చి పళ్లు తోముకోవడానికి పోతాడు. మా అందరికీ అదొక పని అయింది. ఇక్కడ రోజంతా మనిషికి చేయడానికి ఏమీ ఉండదు. మమ్మల్ని కూడా ఖాళీ నీళ్లలాగే పెట్టారు, లోపల ఏదో పెరుగుతుందని. పెరుగుతోందో లేదో ఏ చుక్కలు వేసి చూడాలో డాక్టరుకు కూడా తెలిసినట్టు లేదు.

నిన్న మళ్లీ వందలోంచి ఏడేడు తీశాను. రెండు దాకా వచ్చాను. కిష్టప్ప చప్పట్లు కొట్టాడు.

గొట్టం పసుపుకు తిరిగాక రెండు మూడు రోజులు వరసగా చూడు. అప్పుడు పాండురంగం అన్నకు ఫోను చేస్తే రెండు క్లౌన్ చేపలు బస్సులో పంపుతాడు. నారింజ రంగు మీద తెల్ల పట్టీలు, చిన్నవి. సంచిని ముందు నీళ్ల మీద తేలనివ్వు. తర్వాత సన్న గొట్టంతో ట్యాంకు నీళ్లు బొట్టుబొట్టుగా సంచిలోకి దించు. కొత్త నీళ్లు వాటికి అలవాటు కావాలి. తొందర వద్దు.

అవి రాళ్ల మీద తిరిగేది నేను చూడాలి. ఇంటికి వచ్చిన రోజు ముందు పటేలు హాల్లోకే పోతాను, నువ్వు తిట్టినా సరే.

దశరథ్

తాండూరు
ఆగస్టు, శ్రావణం

భవ్య నాయినా,

పండింది! చేపలు వచ్చాయి, బతికాయి, తిరుగుతున్నాయి! పసుపు తిరిగిన రోజు భవ్య ఆ గాజు గొట్టాన్ని చేతిలో పట్టుకుని బజారంతా నడిచి ఇంటికి తెచ్చింది.

నిన్న గృహప్రవేశం. హాలు నిండా జనం. పాలు పొంగించాక అందరూ ట్యాంకు చుట్టే. నవాబుపేట నుంచి వచ్చిన పటేలు చుట్టాలు ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. "దశరథ్ చేసిండు, మన తాండూరోడే" అని పటేలు నాలుగుసార్లు చెప్పాడు. నేను లెక్కపెట్టుకున్నాను. అయ్యగారు కొబ్బరి నీళ్లు చల్లబోతే చేయి పట్టి ఆపాను. సత్యమ్మ కుంకుమ భరిణె తెస్తే, "వద్దమ్మా, చేపలు సస్తయి" అని భరిణె మూత పెట్టించాను. ఆమెకు కోపం వచ్చింది. రానీ.

మీ అమ్మ సంగతి రాస్తాను. ఎప్పటిలాగే వాకిట్లో చెప్పుల దగ్గర నిలబడి ఉంది. ఆ ఇంటి మనుషుల ముందు గడప దాటిన మనిషి కాదు కదా. పటేలు చూసి, "బీరమ్మా, నీ కొడుకు చేసింది నువ్వు సూడకుంటె ఎట్లనే, లోపలికి రా" అన్నాడు. వచ్చింది. తెల్ల బండల మీద ఒట్టి కాళ్లతో, అడుగు తీసి అడుగు వేసుకుంటూ వచ్చి ట్యాంకు ముందు నిలబడింది. గాజు దగ్గరికి వంగి చేపలను చూసింది. కాసేపటికి నడుముకు దోపుకున్న బండారు సంచి తీసింది. బోనాలప్పుడు బీరప్ప గుడి నుంచి మీ పేరున తెచ్చి దాచుకున్నది. పక్కన భవ్య ఎక్కి దిగే పీట ఉంటే అది ఎక్కి, "తండ్రీ బీరప్పా, నా కొడుకును నిలవెట్టు" అని సంచి సంచే బోర్లించింది. హాల్లో అందరూ చేతులు జోడించారు. పటేలు కూడా. నీళ్లు కాసేపు బంగారంలా తిరిగి, తెల్లారేసరికి తేటపడ్డాయి. నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. ఆమె జన్మలో అటువంటి రోజు లేదు.

త్వరగా రా. రండి అని రాయాలి, ఇవాళ రావడం లేదు.

దేవిక

మర్నాడు మళ్లీ విప్పి రాస్తున్నాను. పొద్దున వెళ్లి చూస్తే ఒక చేప అడుగున ఇసుక మీద ఉంది. నోరు తెరిచి తెరిచి శ్వాస తీస్తోంది. ప్రయాణం అలసటా? ఏం చేయాలి?

తాండూరు
ఆగస్టు, నాలుగు రోజుల తర్వాత

దశరథ్,

రెండూ చచ్చిపోయాయి.

నిన్ను ఫోనుకు పిలవమని రాహేలమ్మ సిస్టరును బతిమాలాను. పేషెంట్లకు ఫోను ఇవ్వడం కుదరదంది. పాండురంగం అన్న ఫోను మోగింది, ఎత్తలేదు. నీ జవాబు కోసం చూస్తూ కూర్చున్నాను, నా ముందే చచ్చాయి. నీళ్లు పాలలా విరిగాయి. భవ్య గొట్టంలో చుక్కలు వేసి చూస్తే ముదురు పచ్చ. అంత పచ్చ మొదట్లో కూడా లేదు.

కొత్త ఇంట్లో అడుగుపెట్టిన వారంలోనే చావు అని సత్యమ్మ శాపనార్థాలు పెట్టింది. పటేలు తిట్టలేదు, అదే నాకు ఎక్కువ కష్టమయింది. "పోనియ్ దేవికా. దశరథ్‌కు తలకాయ మంచిగున్నప్పుడు సూద్దాం. గిప్పుడైతే ఖాళీ చేయించు" అన్నాడు.

నువ్వు రాసినట్టే చేశాను. ఒక్క మాట తప్పలేదు. కుంకుమ పడనివ్వలేదు, కొబ్బరి నీళ్లు పడనివ్వలేదు. మరి ఎక్కడ తప్పింది? నువ్వు రాసిన లెక్కలోనే ఏదైనా తప్పు ఉందా? నీకు గుర్తులేక ఏదైనా రాయలేదా? మీ అమ్మ అన్నం ముట్టడం లేదు. "బండారు పడ్డంక కూడా ఎందుకు సచ్చినయే, నా కొడుకు చెప్పుట్ల ఏమన్న తప్పయిందా?" అని నన్నే అడుగుతోంది. నాకు తెలియదు. తెలిసినవాడివి నువ్వు. ఉన్నదున్నట్టు చెప్పు, ఏది విన్నా తట్టుకుంటాను. తెలియకపోవడమే చంపుతోంది.

దేవిక

వికారాబాద్
ఆగస్టు చివర

దేవికకు,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. రెండూ రెండుసార్లు చదివాను.

తప్పు నాదే. నీళ్లు ఒకసారి పసుపుకు తిరిగాక మళ్లీ కొంత రొయ్య వేసి పరీక్షించాలి. అది రాయడం మరిచాను. ఉప్పు లెక్క కూడా ఒకచోట తప్పు రాశానని ఇప్పుడు అనిపిస్తోంది. ఏ చోటనో చెప్పలేను, గుర్తు లేదు. నా తల మునుపటి తల కాదు. డాక్టరు చెప్పిందే నిజం. గణేశ్ చెప్పిందీ నిజమే.

నువ్వు చేసిన దాంట్లో తప్పు లేదు, భవ్య చేసిన దాంట్లో లేదు. అమ్మకు కూడా అదే చెప్పు. కొడుక్కు తల పోయింది, తప్పు చెప్పాడు, అందుకే చచ్చాయని చెప్పు. గట్టిగా చెప్పు. ఆమె అన్నం తినేటట్టు చూడు.

ఇంకా ఏదైనా ట్యాంకు పెడదామని ఎవరైనా అడిగితే ఒప్పుకోకు.

దశరథ్

తాండూరు
సెప్టెంబరు మొదట్లో

భవ్యశ్రీ నాయినకు,

మీ ఉత్తరం అందింది. చెప్పమన్నట్టే మీ అమ్మకు చెప్పాను. ఆ పూట అన్నం తిన్నది.

దుకాణం ఖాళీ చేశాం. గణేశ్ ట్రాలీ ఆటో తెచ్చి గాజు పెట్టెలన్నీ తీసుకుపోయాడు. గోల్డ్ ఫిష్‌లను భవ్య సంచుల్లో కట్టి వాళ్ల బడి పిల్లలకు పంచింది. పంచేటప్పుడు ఒక్కొక్కరికీ మేత ఎంత వేయాలో చెప్పింది. వచ్చే వారం నుంచి అక్కడ సెల్‌ఫోన్లు ఉంటాయి. మీకు ఫ్యాక్టరీలో పాలిష్ పని గురించి పటేలుతో మాట్లాడాడు. ఆయన సరేనన్నాడు. తలతో పని లేదు, చేతులు ఉంటే చాలన్నాడట.

మీరు బాధపడతారని ఇన్నాళ్లూ వాడిని ఆపాను. తల పోయిందని మీరే రాశాక ఇంకెవరి కోసం ఆపను? కోపంతో రాయడం లేదు, అలసిపోయాను.

దేవిక

తాండూరు
సెప్టెంబరు

నువ్వెందుకు అబద్ధం రాశావు?

నిన్న పాండురంగం అన్న వచ్చాడు. పటేలు పంపులు అమ్ముతున్నాడంటే కొనడానికి వచ్చాడు. నేను ఇంటి గోడ మీది నుంచి నీ కాగితం తీసి పటేలు ఇంటికి తెచ్చి ఇచ్చాను. నా మొగుడు ఎక్కడ తప్పు రాశాడో చూపించన్నా, ఇక మనసులో ఉండనీయకుండా చూపించు అన్నాను. ఆయన హాల్లో నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివాడు. "గిండ్ల తప్పేడున్నదమ్మా? నేనైనా గింత మంచిగ రాయను" అన్నాడు.

తర్వాత ఫిల్టరు విప్పి స్పాంజి పిండాడు. పసుపు దిగింది. బకెట్ నిండా దిగింది.

"పసుపెవరు పోసిన్రమ్మా? గింత పసుపు పోస్తే స్పాంజిల, రాళ్లల్ల ఉన్న పానాలన్ని సస్తయి. గవి పోయినంక చేపలు ఏడ ఉంటయి?"

"పసుపు కాదన్నా, బండారు" అన్నాను.

అన్న తర్వాత నా మాట నాకే వినిపించింది.

కుంకుమ భరిణె మూత పెట్టించిన చేతులివి. అయ్యగారి చేయి పట్టుకున్న చేతులివి. ఆ పక్కనే నిలబడి, ఆ సంచి బోర్లిస్తుంటే దండం పెట్టాను. అది పసుపని నాకు తట్టనే లేదు. పుట్టినప్పటి నుంచి నొసట పెట్టుకున్నదే, అదొక పొడి అని ఏ రోజూ అనుకోలేదు.

నీకు తెలుసు. నా ఉత్తరం చదవగానే నీకు తెలిసి ఉంటుంది. తెలిసీ తల పోయిందని రాశావు. నేను నమ్మాను. నమ్మి దుకాణం ఎత్తేయించాను. ఊరంతా దశరథ్ పిచ్చోడయ్యాడని అంటోంది, నేను కూడా అవునన్నాను. మీ అమ్మకు చెప్పకపోతే పోయె, నాకైనా చెప్పకూడదా? నేనెవరిని నీకు?

ఇప్పుడు చెప్తాను ఆమెకు. చెప్పాలా వద్దా?

దేవిక

వికారాబాద్
సెప్టెంబరు చివర

దేవికా,

చెప్పకు. నా మీద ఒట్టు వేసి అడుగుతున్నాను, చెప్పకు.

అవును, చదవగానే తెలిసింది. సంచి సంచే బోర్లించిందన్న మాట దగ్గరే ఆగి మళ్లీ చదివాను. కింద చేప అడుగున పడుకుందని చదివేసరికి ఇంక చదవడానికేమీ మిగల్లేదు. ఎవరూ ఏమీ వేయొద్దని అంత రాసినవాణ్ని, బండారు సంగతి నేను మాత్రం రాశానా? నాకూ తట్టలేదు. అది పసుపని నాకూ ఎన్నడూ అనిపించలేదు.

అమ్మ ఆ హాల్లోకి జన్మలో ఒక్కసారి పోయింది. పటేలు చేతులు జోడించింది ఆమె దేవుడికి. ఆ చేత్తోనే నీ కొడుకు బతుకు చంపావని ఆమెకు ఎట్లా చెప్పమంటావు? కొడుకు తల పోయిందంటే ఏడుస్తుంది, తట్టుకుంటుంది. చాలామంది తల్లులు తట్టుకున్నారు. ఇది తెలిస్తే బతకదు.

నీకు చెప్పకపోవడం తప్పే. చెబితే ఆమెకు అన్నం పెట్టేటప్పుడల్లా నీకు అదే గుర్తొస్తుందనుకున్నాను. ఇప్పుడు ఎలాగూ తెలిసింది. పెట్టు.

దుకాణం పోతుందని నేను అనుకోలేదు. నిన్ను తప్పుపట్టను. కానీ ఆ ఉత్తరం చదివిన రోజు గోడ దూకుదామని పెరటి దాకా పోయాను. కిష్టప్ప పట్టుకున్నాడు. వాడు మొన్న ఇంటికి పోయి, వారం తిరగకముందే మళ్లీ ఇక్కడికే వచ్చాడు. "బయట ఏం లేదు దశరథన్నా" అంటాడు.

ఇంకొక సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పను. నాకు నిద్ర పట్టడం లేదు, మొదటి నుంచీ పట్టలేదు. తల పోయిందని నీకు రాస్తుంటే అబద్ధమే రాస్తున్నాననుకున్నాను. తర్వాత ఒకరోజు ట్యాంకు తలుచుకుని లెక్క వేయబోయాను. రాలేదు. పొడుగు గుర్తుంది, నీళ్లు ఎన్నో గుర్తు లేదు. వందలోంచి ఏడు తీశాను, తర్వాత ఏమిటో తోచలేదు. అబద్ధం నిజమైపోయింది దేవికా. మూడు నెలలు అయిపోయాయి, ఇంటికి పోవచ్చు అంటున్నారు. ఇంకొన్నాళ్లు ఉంచుకోమని నేనే అడిగాను. వచ్చి ఎక్కడ కూర్చోను?

దశరథ్

తాండూరు
అక్టోబరు

కొడుకా దశరథా,

నేను మీ అమ్మను చెప్తున్న, నీ పెండ్లాం రాస్తున్నది. పానం ఎట్లున్నది? కడుపు నిండ తింటున్నవా? గొర్లు మంచిగున్నయి. రెండు ఈనినయి.

నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. చేపలు సచ్చినయని మనసుల పెట్టుకోకు. నీ తలకాయ మంచిగ లేనప్పుడు చెప్పిన మాట, నిన్నెవ్వలు తప్పు పడ్తరు? పటేలు ఇంటికి నేనే పోయిన. నా కొడుకుది తప్పు కాదమ్మా, కల్లుది తప్పు అని సత్యమ్మ కాళ్లు మొక్కి చెప్పిన. వాకిట్లనే నిలవడి చెప్పిన, లోపలికి పోలే.

నాకొకటి అనిపిస్తున్నది. గా దినం సంచిల ఉన్నదంత పోసిన గాని, గంత మందిని సూసి గాబరాయె. నా కొడుకు అన్న గాని నీ పేరు తియ్యలే. ఎవ్వల కొడుకని దేవునికి ఎట్ల తెలుస్తది? తప్పు నాదేనేమో. గందుకే మల్ల గుడికి పోయి, నీ పేరు చెప్పి బండారు తెచ్చిన. గీ కాగితంల పొట్లం కట్టి పెడ్తున్న. పొద్దుగాల లేవంగనే గ్లాసు నీళ్లల్ల కలుపుకొని తాగు, మరువకు. తలకాయ సక్కగైతది. నీతోని కాని పనులు ఇంక పెట్టుకోకు కొడుకా. ఇంటికి రా. గొర్లున్నయి, నేనున్న.

మీ అమ్మ బీరమ్మ

చెప్పింది చెప్పినట్టు రాశాను, ఒక్క మాట దిద్దలేదు. నీ పేరు తీయలేదు, అదే తప్పంటుంటే నా చేయి ఆగిపోయింది. "ఏమాయెనే, రాయి" అన్నది. రాశాను.

పొడి ఉన్న కవరు గేటు దగ్గర ఆపేస్తారత్తా, పారేస్తారు అని చెప్పి చూశాను. "బండారు పొడెట్లయితదే?" అని నా ముఖంలోకి చూసింది. పొట్లం ఈ కాగితం మడతలోనే పెట్టాను.

దేవిక